కొళాయికి చెప్పని కల

మా ఇంట్లో చెడ్డ కల వస్తే కొళాయికి చెప్పాల. మనిషికి చెప్పకూడదు. లేచిన వెంటనే, మొహం కూడా కడుక్కోకుండా కిందికి దిగి, వాకిట్లో కొళాయి తిప్పి, ఆ పారే నీళ్ళకు కలంతా చెప్పేస్తే అది మోరీలో పడి కొట్టుకొని పోతాది. ముందు మనిషి చెవిన పడిందా, ఇంక ఆ కల ఇంట్లోనే కాపురం పెట్టినట్టు. ఇది మా అవ్వ చట్టం. అవ్వ అంటే మా నాయన తల్లి. చిక్కపేటలో కింద మా చీరల అంగడి, పైన మా ఇల్లు, ఆ ఇంటి పైన అవ్వ పెత్తనం.

చిక్కు ఎక్కడంటే, మా సందులో కావేరి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తాయి. చెడ్డ కలలకు ఈ సంగతి తెలీదు. నీళ్ళు రాని రోజు కల కన్నవాళ్ళు మరుసటి రోజు దాకా నోరు కట్టేసుకొని తిరగాల్సిందే. ఒకసారి మా నాయనకు పళ్ళు రాలినట్టు కల వచ్చింది, అదీ ఎండు రోజున. పాపం మనిషి రోజంతా అంగడిలో మూతి బిగించుకొని కూర్చుంటే, వచ్చిన ఆడవాళ్ళంతా పంటి నొప్పి అనుకొని లవంగం పెట్టుకోమని చెప్పి పోయినారు.

"మిద్దె మీద ట్యాంకు నిండా నీళ్ళుండాయి కదవ్వా, అవీ కావేరే కదా, వాటికి చెప్తే పోలా?" అని నేను అడిగితిని. నాకు చిన్నప్పటి నుంచీ నోరు కొంచెం ఎక్కువ.

"నిలిచిన నీళ్ళకు చెప్తే కల యాడికి పోతాదే పిచ్చిదానా? ఆడనే ఉంటాది. ఆ నీళ్ళతోనే నువ్వు కాఫీ కాస్తావు" అనె అవ్వ.

ఇంజనీరింగ్ చదివినాను, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తా ఉండాను, అయినా ఈ రోజు దాకా దీనికి జవాబు దొరకలేదు.

అవ్వ చట్టంలో ఇంకో పెద్ద సెక్షను ఉండాది. కలలో పెళ్ళి చూస్తే ఇంట్లో చావు. కలలో చావు చూస్తే ఇంట్లో పెళ్ళి, పైగా కలలో చచ్చినవాళ్ళకు ఆయుష్షు పెరుగుతాది. తెల్లవారుజామున వచ్చిన కల అయితే ఇంక తిరుగే లేదు. ఈ సెక్షను వల్లే మా అత్త కథ అంత దూరం పోయింది.

అత్త మా నాయనకు చెల్లెలు. అప్పటికి నలభై దాటింది. అంగడిలో జాకెట్టు గుడ్డల వైపు కూర్చుంటుంది. వయసులో ఉన్నప్పుడు రెండు సంబంధాలు కుదిరినట్టే కుదిరి అవ్వ కలల వల్ల తప్పిపోయినాయి. మొదటిదానికి కలలో దీపం ఆరిపోయిందంట. రెండోదానికి నల్ల ఎనుము ఒకటి మేడ మెట్లెక్కి వచ్చి హాల్లో సోఫాలో కూర్చుందంట. ఎనుము కూర్చుంటే పెళ్ళికొడుక్కి ఏమి పోయెరా నాయనా అని అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. అత్త అప్పుడు చిన్నది, నోరు మెదపలేదు.

మూడోసారి అత్త తనే చూసుకుంది. పక్క సందులో మేకులు, గడియలు, తాళాలు అమ్మే అంగడాయన. కన్నడ మనిషి. భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. ఇల్లు ఊరికి ఆ చివర కె.ఆర్.పురంలో. మధ్యాహ్నం బేరాలు సన్నగిల్లినప్పుడు ఇద్దరూ మూలనుండే దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగేవాళ్ళు. ఆ సంగతి చిక్కపేటలో బండ్లు తోసేవాళ్ళ నుంచి గాజుల బేహారుల దాకా అందరికీ తెలుసు, మా ఇంట్లో తప్ప.

ఒక ఆదివారం అన్నాలకు కూర్చున్నప్పుడు అత్త నేరుగా చెప్పేసింది. "నేను ఆయన్నే చేసుకుంటా. అడగడంలే, చెప్తా ఉండా. కానీ అమ్మ నోటితో సరే అనాల. అమ్మ మొహం మాడ్చుకొని ఈడ కూర్చుంటే నాకు ఆడ ముద్ద దిగదు."

నాయన పప్పు కలుపుకుంటా ఉండిపోయినాడు. అవ్వ "చూస్తాంలే" అనింది. అవ్వ చూసేది ఎక్కడో నాకు తెలుసు కదా.

మరుసటి రోజు పొద్దున్నే అవ్వ కాఫీ లోటా చేతిలో పట్టుకొని కళ్ళు ఒత్తుకుంటా మొదలుపెట్టింది. "తెల్లారుజామున కల వచ్చె. మన ఇంట్లో పెళ్ళి. మేళాలు. ఇది పీటల మీద కూర్చోనుండె, నిండా పూలు. అయ్యో దేవుడా, ఈ ఇంట్లో ఎవరికి మూడిందో!"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అది నీళ్ళొచ్చే రోజు. కింద కొళాయి బుసబుసా పారతా ఉండాది, ఆ చప్పుడు పైకి వినిపిస్తా ఉండాది.

"అవ్వా, అంత చెడ్డ కలైతే కొళాయికి చెప్పకుండా ముందు మాకెందుకు చెప్పినావు?"

"మర్చిపోతిని" అనె.

మర్చిపోయిందంట! మా ఇంట్లో గ్యాసు కట్టేయడం మర్చిపోయినారు, అంగడి తాళం వేయడం మర్చిపోయినారు, ఒకసారి పెళ్ళిలో నన్నే మర్చిపోయి వచ్చేసినారు. అవ్వ మాత్రం కొళాయిని ఎన్నడూ మర్చిపోలే. నేను నోరు తెరవబోతే అత్త నా తొడ గిల్లింది. ఆ గిల్లుడుకు రెండు రోజులు కమిలిపోయి ఉండె.

మెట్ల మీద అత్తను పట్టుకొని అడిగినాను. "అబద్ధం చెప్తా ఉండాది ఆ ముసల్ది. తెలుస్తా ఉండాదా నీకు?"

"తెలుసులే. దానికి భయం" అనింది అత్త. "నేను పోతే కాళ్ళు పిసికేవాళ్ళు లేరని కాదు. కె.ఆర్.పురం అంటే దానికి కాశీ అంత దూరం. మళ్ళీ కనపడనేమో అని."

"అయితే ఇప్పుడేం చేస్తావు?"

అత్త కొంగుతో మెట్టు దుమ్ము దులిపి, అంగడిలోకి దిగిపోయింది.

కొన్నాళ్ళు ఇల్లు చావు ఇల్లు మాదిరే ఉండె. ఆ తర్వాత ఒక పొద్దున, మళ్ళీ నీళ్ళొచ్చే రోజే, అత్త లేచి కొళాయి దగ్గరికి పోలేదు. మొహం కడగకుండా నేరుగా వచ్చి అవ్వ ముందర బాసింపట్టు వేసుకొని కూర్చునింది.

"అమ్మా, తెల్లారుజామున కల వచ్చె. నువ్వు చచ్చిపోయినావు."

అవ్వకు కాఫీ పొలమారింది. నాయన పేపరు వెనక కదలకుండా ఉండిపోయినాడు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తి, మళ్ళీ ఏమీ తప్పిపోకూడదని వాకిలి దగ్గరికే వచ్చి నిలబడ్డాను. కలలో చావు చూస్తే ఇంట్లో పెళ్ళి. చట్టం చేసింది అవ్వే. ఇప్పుడు యాడికి పోతాది?

అవ్వ ఊరికే లొంగే రకమా? గొంతు సవరించుకొని, చీరలోళ్ళ ఇంటి మనిషి కదా, మొదటి ప్రశ్న అదే అడిగింది. "ఏం చీర కట్టినారు నాకు?"

"ఆకుపచ్చ పట్టు. ఎర్రంచు."

అవ్వ తాత పోయినప్పటి నుంచి పట్టు ముట్టలేదు. వెలిసిపోయిన నేత చీరలే. "పట్టా? నాకా?" అనింది. వెంటనే సర్దుకొని, "అబద్ధం. మన అంగడిలో అట్లాంటి చీరే లేదు" అనె.

పేపరు వెనక నుంచి మా నాయన, "ఉండాది. మొన్ననే వచ్చింది" అన్నాడు.

ఆ పెళ్ళి గురించి మా నాయన ఇచ్చిన ఓటు అదొక్కటే. పేపరు కూడా దించలేదు.

"ఎవురు ఏడ్చిరి?" అవ్వ వదల్లేదు.

"నేను" అనింది అత్త. అంతవరకూ గట్టిగానే ఉన్న గొంతు ఆ మాట దగ్గర తెగిపోయింది. "నేనే ఏడ్చినా అమ్మా. ఎవురు పట్టినా ఆగలే..." అని నిజంగానే భోరుమనింది. నలభై దాటిన మనిషి, చిన్నపిల్ల మాదిరి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇది నాటకంలో లేదని నాకు అర్థమైపోయింది. నా నవ్వు ఎటు పోయిందో తెలీదు.

"ఏయ్, ఊరుకోవే. బతికే ఉండాను కదా!" అని అవ్వ కసిరింది. కసురుతానే తన కొంగుతో అత్త ముక్కు తుడిచింది. మెల్లగా, "తల దగ్గర ఎవురుండ్రి?" అని అడిగింది.

అత్త ముక్కు ఎగబీల్చింది. "ఆయన. వాన పడతా ఉండె. నీ మొహం తడవకుండా గొడుగు పట్టుకొని ఉండె."

"తడవలేదా?"

"ఒక్క చుక్క పడలే."

అవ్వ చల్లారిపోయిన కాఫీ మొత్తం తాగేసింది. లోటా కింద పెట్టి, "ఆ గొడుగాయన్ని ఒకసారి ఇంటికి రమ్మను" అనింది.

వచ్చినాడు. అరటిపండ్లు తెచ్చినాడు, మల్లెపూలు తెచ్చినాడు, గొడుగు మాత్రం తేలేదు. కల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు కదా! అవ్వ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, ఊరు అడగలే, ఆదాయం అడగలే. "నీకు గొడుగు ఉండాదా అప్పా?" అని అడిగింది.

ఆయన బిత్తరపోయి అత్తను చూసినాడు. "ఇల్లమ్మా..." అని కన్నడలో అనేసి, "లేదమ్మా. వాన వస్తే అంగడిలోనే నిలుచుకుంటా" అన్నాడు వచ్చీరాని తెలుగులో. అవ్వ అత్త వైపు ఒక చూపు చూసింది చూడండి, నేను గోడ వైపు తిరిగి దగ్గినాను. ఆ సాయంత్రమే అత్త ఆయన్ని లాక్కొని పోయి, కల సంగతి చెప్పి, పెద్ద నల్ల గొడుగు కొనిచ్చింది. పూలమ్మే ముసలమ్మలు బజార్లో పాతుకునేంత గొడుగు.

పెళ్ళి జరిగింది. అవ్వ ఆకుపచ్చ పట్టు, ఎర్రంచు కట్టుకొని ముందు వరసలో కూర్చునింది. "కలలో చూసిన చీర, కట్టకుండా ఉంటే అరిష్టం" అని అడగనివాళ్ళకు కూడా చెప్పింది. ఆ తర్వాత ఏ పెళ్ళికైనా, నామకరణానికైనా అదే చీర. సాగనంపేటప్పుడు కట్టాల్సిన చీరతో ఇన్ని విందులు తిన్న మనిషి చిక్కపేటలో ఇంకెవరూ ఉండరు. కె.ఆర్.పురానికి మెట్రో పడినాక అవ్వ నెలకోసారి కూతురింటికి పోయి, మనకంటే ఆడ నీళ్ళు బాగొస్తాయని మాకు చెప్పి పొడిచేది. మామ ఎప్పుడు మా ఇంటికి వచ్చినా చంకలో గొడుగు ఉండాల్సిందే. లేకపోతే అవ్వ పలికేది కాదు.

పోయిన ఏడు అవ్వ మంచం పట్టింది. ఒక రోజు నేను పక్కన కూర్చొని ఉంటే ఆపుకోలేక చెప్పేసినాను. "అవ్వా, ఆ రోజు అత్తకు కలా లేదు, ఏమీ లేదు. రాత్రంతా నిద్రే పోలేదు. పక్కలో పడుకున్న నాకు తెలుసు."

"ఇంకో పక్క పడుకున్నది ఎవురే? నేనే కదా" అనింది అవ్వ.

"తెలిసీ మరి ఒప్పుకున్నావా?"

"చీర బాగుండె" అని బోసినోటితో నవ్వింది. "నేను పోతే అది ఎట్లా ఏడుస్తాదో బతికుండగానే చూస్తిని. అంతకంటే దాన్ని కట్టి పడేసి నేనేం చేసుకుందును?"

అవ్వ పోయింది ఎండలు మండిపోయే రోజుల్లో. మబ్బు తునక లేదు. అత్త స్నానం చేయించి ఆకుపచ్చ పట్టు కట్టింది. కొంగు మీద ఏదో పెళ్ళి సాంబారు మరక ఉంటే దాన్ని లోపలి మడతలోకి తిప్పింది. అప్పటికి అత్త కంట నీళ్ళు లేవు.

మా సందులోకి బండి రాదు. పెద్ద రోడ్డు దాకా మోసుకొని పోవాల్సిందే. నాయన ముందు, పాడె వెనక, ఇరుపక్కలా అంగళ్ళవాళ్ళు షట్టర్లు సగం దించి నిలబడ్డారు. పాడె లేచేటప్పుడు మామ తల దగ్గరికి వచ్చి, చంకలోని ఆ పెద్ద నల్ల గొడుగు టప్పున విప్పినాడు. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎండకా?" అని ఎవరో గుసగుసలాడినారు. ఆ గొడుగు చూసినప్పుడు అత్త గొంతు పగిలింది. కలలో చెప్పినట్టే, ఎవరు పట్టినా ఆగలేదు.

కలలు నిజమవుతాయా అని నన్ను ఎవరన్నా అడిగితే నేను ఈ ఒక్కటే చెప్తాను. ఆ కల ఎవరికీ రాలేదు. కానీ మా ఇంటి నుంచి బండి దాకా, సందు పొడుగునా, అవ్వ మొహం మీద ఎండ పడలేదు.