ఇనుప దవడ సిపాయికి కాపలా

పక్కింటి అంకుల్ గురువారం పొద్దున్న పోయారు. ఆఫీసుకు వెళ్ళే రైల్లో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "అయిపోయిందమ్మా" అన్నారు, అంతే. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా అలసటగా అనిపించింది. మూడేళ్ళుగా ప్రతి శనివారం ఆయన్ను డయాలసిస్‌కు నేనే తీసుకెళ్ళేదాన్ని. ఇక శనివారాలు నావేనని ఒక్క క్షణం అనిపించిన మాట దాచను.

సిడ్నీ శివార్లలోని టూంగాబీలో మా రెండిళ్ళకూ మధ్య ఒక చెక్క కంచె. ఆయన ఫిజీలో పుట్టిన తెలుగువారు. తాతలనాటి తెలుగు మాట్లాడేవారు, మధ్యలో హిందీ, ఇంగ్లీషు దొర్లేవి. సిడ్నీ వచ్చాక ఇరవై ఏళ్ళు ఒక ఆర్ట్ గ్యాలరీలో కాపలా ఉద్యోగం చేశారు, చాలామటుకు ఒకే గదిలో. ఆ గదినిండా నూరేళ్ళ కిందట యూరప్‌లో వేసిన బొమ్మలు. సగం మనిషి, సగం యంత్రం. గుండె ఉండాల్సిన చోట పళ్ళచక్రం, మెడ బదులు గొట్టం. గైడ్లు చెప్పేది విని విని ఆయనకు ఆ సంగతులన్నీ వచ్చేశాయి.

డయాలసిస్ కుర్చీలో నాలుగైదు గంటలు కదలకుండా కూర్చోవాలి. నాకు ఆ బొమ్మల పాఠం అక్కడే చెప్పారు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు వేసినవాళ్ళలో కొందరు యంత్రాన్ని చూసి మురిసిపోయారట. "మిషన్ వచ్చింది, మనిషికిక ముసలితనం లేదనుకున్నారు, పాపం" అనేవారు. యుద్ధం చూసొచ్చినవాళ్ళు వేసినవి వేరు. వాటిలో ఒక సిపాయి బొమ్మంటే ఆయనకు ప్రాణం. పత్రికల ముక్కలు అతికించి చేసిన ఒళ్ళు, ఇనుప దవడ, కర్రకాలు. "అందరూ చూసి నవ్వుతారు అమ్మాయ్. నేను నవ్వలేకపోయాను."

పోయిన నెల, సూదులు గుచ్చించుకుని కూర్చున్నాక, మామూలుగా చెప్పారు. "డాక్టర్‌తో మాట్లాడేశాను. ఇంక ఆపేస్తా."

ఆంటీ అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉన్నారు. "నువ్వు చెప్పు, నీ మాటైతే వింటారు" అని నన్ను పంపారు.

మరుసటి శనివారం అదే కుర్చీ పక్కన కూర్చుని, "అంకుల్, ఇంకొక్క ఏడాది ట్రై చేద్దాం, ప్లీజ్" అన్నాను.

ఆయన గొట్టాల వైపు చూశారు. "దీని మీద నాకు కోపం లేదమ్మా. మూడేళ్ళు నన్ను మోసింది. ఆ సిపాయిని ఎవరూ అడగలేదు, బిగించేశారు. నన్ను అడుగుతున్నారు కదా. జవాబు నన్నే చెప్పనీ."

నేనిక బతిమాలలేదు. అది గౌరవమో, నా అలసటో, ఇప్పటికీ తెలియదు.

ఆపాక పదిరోజులే ఉన్నారు. మొదటి మూడు రోజులు ఆంటీ ఆయనతో మాట్లాడలేదు. నాలుగోరోజు ఆంటీయే ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి, కంచె దగ్గరకొచ్చి, "గ్యాలరీ చూడాలంటున్నారు. ఈ ఆదివారం ఖాళీయేనా?" అని అడిగారు.

ఆ గది గుమ్మం దాకా చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాను. అక్కడ లేచి నిలబడ్డారు. సిపాయి బొమ్మ దగ్గరకు మెల్లగా నడిచి, అద్దానికి ముక్కు తగిలేంతగా వంగారు. మూలనుంచి కాపలా అమ్మాయి వచ్చింది. కొత్తమ్మాయి, ఆయనెవరో తెలియదు.

"సర్, ఒక అడుగు వెనక్కి, ప్లీజ్."

ఇరవై ఏళ్ళు ఆ మాటే అంటూ వచ్చిన మనిషి. నేను చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపారు. "డ్యూటీ బాగా చేస్తోంది" అన్నారు నా చెవిలో, మురిసిపోతూ. తర్వాత ఆ అమ్మాయికి "సారీ, మిస్" అని చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుని, బుద్ధిగా ఒక అడుగు వెనక్కి వేశారు.