గ్లాసుకు అవతలి ముఖం

మా మేనత్త పోయింది. కబురు వచ్చినప్పుడు నేను సారపాక కాగితం మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర డ్యూటీలో ఉన్నాను. జామాయిల్ కర్ర లోడుతో లారీ కాటా మీదికి ఎక్కింది, అంకె ఇంకా ఊగుతూనే ఉంది, అంతలో ఇల్లందు నుంచి వదిన ఫోను. వదిన అంటే అత్త కూతురే. "అమ్మ లేస్తలేదు" అంది. పొద్దున చాయ్ పెట్టి పిలిస్తే పలకలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయింది. వెనక లారీ డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు.

పెద్ద వయసు, బాధ పడకుండా పోయింది, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్లందరూ అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ రోజంతా నన్ను నిలబెట్టింది ఇంకో మాట. మా నాన్నను తీసుకుపోయిన జబ్బు ఆమెను తీసుకుపోలేదు. అది దానంతటదే తప్పిపోలేదు, అత్త పట్టుబట్టి తప్పించుకుంది. ఈ నాలుగు మాటలు రాయడం అందుకే.

మా నాన్నది పెద్దపేగు కేన్సర్. రక్తం పడుతుంటే మొలలు అనుకున్నాడు. ఇంట్లో చెప్పడానికి సిగ్గు. ఎవరో చెప్పారని అడవి ఊళ్లకు పోయి పసరు తాగి వచ్చేవాడు, కారం మానేశాడు, బెల్టుకు కొత్త బెజ్జాలు పొడుచుకుంటూ పోయాడు. ఖమ్మంలో పెద్ద దవాఖానాకు తీసుకుపోయేసరికి చెయ్యి దాటిపోయింది. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచి, ఆయన తోబుట్టువులూ పిల్లలూ ఏ బాధా లేకపోయినా ఒకసారి పరీక్ష చేయించుకోవాలని చెప్పింది. ఈ జబ్బు చాలాసార్లు పేగు లోపల చిన్న కండలాగా మొదలవుతుందట, అప్పుడే కనిపెట్టి తీసేస్తే కేన్సర్ దాకా పోదట. పరీక్ష పేరు కొలనోస్కోపీ. వెనక నుంచి కెమెరా గొట్టం పంపి పేగంతా చూస్తారు. ఆ 'వెనక నుంచి' అన్న మాట దగ్గరే మా ఇంటి మగవాళ్లం అందరం ఆగిపోయాం.

అత్త ఆగలేదు. నాన్న పోయాక చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక అయిపోయి, చుట్టాలు చెప్పులు వెతుక్కుంటున్నారు. అత్త నా దగ్గరికి వచ్చి, "మా అన్న సిగ్గుకు సచ్చిండు. నాకు సిగ్గు లేదు అల్లుడా, నన్ను తీస్కపో" అంది.

ఆమె ఇల్లందులో ఏళ్ల తరబడి బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండిన మనిషి. బడి గోలలో మాట్లాడీ మాట్లాడీ మెల్లగా మాట్లాడటం మరిచిపోయింది. ఖమ్మం బస్సులో నా పక్కన కూచుని "గొట్టం ఎంత పొడుగుంటదంటవ్?" అని అడిగితే డ్రైవరు కూడా అద్దంలోంచి చూశాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆమె వెనక సీటావిడకు మొత్తం వివరించింది. దిగేటప్పుడు ఆ ఆవిడ దవాఖానా పేరు అడిగి మరీ తెలుసుకుంది.

ఆ మొదటిసారి పని కాలేదు. ముందురోజు నీళ్ల పదార్థాలే తీసుకోవాలని చెప్పి పంపారు. అత్త అలాగే చేసింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం రాగి జావ, తర్వాత పేగు కడిగే మందు. మా వైపు జావ అన్నం కిందికి రాదు. ఉపవాస ప్రార్థన రోజు ముసలివాళ్లు జావ తాగితే పాస్టరు గారు కూడా ఏమీ అనరు. అత్త లెక్కలో ఆమె కటిక ఉపవాసం ఉన్నట్టే. లోపల కెమెరాకు మాత్రం పేగు గోడ కనపడలేదు, అంతా జావే. సగంలో ఆపేసి ఇంకో రోజు రమ్మన్నారు. "నేనేమన్న బిర్యాని తిన్ననా?" అని అత్త నర్సు మీదికి పోయింది. ఆ నర్సు పిల్ల కోప్పడకుండా, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి ముఖానికి ఎదురుగా పట్టుకుంది. "నేను కనబడుతున్ననా అమ్మా? గిట్ల అవతలి మనిషి కనబడాలె. కనబడకపోతే అది నీళ్లు కాదు, అన్నమే."

ఆ మాట అత్తకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇల్లందులో బస్సు దిగగానే బస్టాండు దగ్గర ఒక గాజు గ్లాసు కొంది, అడుగు మందంగా ఉండేది. అప్పటి నుంచి కొలనోస్కోపీ ముందురోజు ఆ ఇంట్లో ఆ గ్లాసు పరీక్ష పాసవ్వనిది లోపలికి పోలేదు. కొబ్బరి నీళ్లు పాస్. మజ్జిగ ఎంత పలచన చేసినా ఫెయిల్. రెండోసారి ఖమ్మం పోయినప్పుడు పేగు అద్దంలా ఉందన్నారు. లోపల ఒక చిన్న కండ కనపడింది, అక్కడికక్కడే తీసేశారు. పరీక్షకు పంపితే, వదిలేస్తే కేన్సర్‌గా మారే రకమేనని తేలింది. "ఇంకొన్నేళ్లు ఆగి వచ్చి ఉంటే కష్టమయ్యేది" అంది డాక్టరమ్మ. "ఆగలే గద" అంది అత్త.

తర్వాత నా వంతు వచ్చింది. నేను లారీ లోడ్లంటాను, వానలంటాను, కాటా వదిలి రాలేనంటాను. అత్త ఫోన్లో అన్నీ విని, "భయమైతే భయపడు. ఎవరొద్దన్నరు? బస్సెక్కినంక భయపడు" అంది. ఇంత మంచి సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. భయం పోయాక వెళ్దామని కూచుంటే ఇప్పటికీ కూచునే ఉండేవాణ్ణి.

మా సంఘంలో ఒక అలవాటుంది. ఎవరైనా కష్టమొచ్చి ఉపవాసం పట్టుకుంటే వాళ్లను ఒంటరిగా ఉండనివ్వరు. ఇంట్లోంచి ఇంకొకరు తోడుంటారు. పరీక్షకు ముందురోజు నేను ఇల్లందు చేరేసరికి అత్త కూడా పొద్దున్నుంచి ఏమీ తినలేదు. "ఇది ప్రార్థన కాదు కదా అత్తా" అన్నాను. "ప్రార్థన కాదని నీకెవరు చెప్పిండ్రు?" అంది. ఎదురుగా కుర్చీ వేసుకుంది. నేను ఒక గ్లాసు మందు తాగితే ఆమె ఒక గ్లాసు మంచినీళ్లు తాగేది. ఆ మందు ఉప్పు కలిపిన నిమ్మసోడా చల్లారిపోయినట్టు ఉంటుంది, గొంతు దిగదు. నేను మొహం చిట్లిస్తే ఆమె తన నీళ్లకు కూడా మొహం చిట్లించేది. ఇంట్లో ఉన్నది ఒకటే బాత్రూము. నాకు పరుగెత్తాల్సిన టైముకే ఆమెకూ పని పడేది. "జల్దీ రా, నీకొక్కనికే కాదు" అని బయట నిలబడి అరుస్తుంటే పక్కింటివాళ్లు తొంగి చూసేవాళ్లు.

పరీక్ష గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. మత్తు ఇచ్చారు, లేచేసరికి అయిపోయింది. అంతకాలం నేను దేనికి వణికానో ఆ పని నేను చూడనే లేదు. నాకు ఏమీ లేదన్నారు, కొన్నేళ్ల తర్వాత మళ్లీ రమ్మన్నారు. దవాఖానా ఆవరణలో సిమెంటు బెంచీ మీద కూచోబెట్టి అత్త సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. అదే గాజు గ్లాసులో రాగి జావ పోసింది. అలవాటు కొద్దీ ఎత్తి చూశాను. "ఇప్పుడు నా మొహం కనబడకున్న ఏం గాదు. తాగు" అంది. ఆకలి మీద ఆ జావ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

ఇక మిగిలింది మా తమ్ముడు. భద్రాచలంలో ఆటో నడుపుతాడు. గోదావరి పొంగి రోడ్ల మీదికి నీళ్లొస్తుంటే జనాన్ని ఎక్కించుకుని గట్టుకు చేర్చే మనిషి, ఈ గొట్టం పేరెత్తితే మాత్రం లేచి వెళ్లిపోయేవాడు. "తెలిసి ఏం జేస్తం?" అనేవాడు. అత్త వాణ్ణి తిట్టింది, బతిమాలింది, కొన్నాళ్లు మాట్లాడటం మానేసింది, అదీ పని చేయక మళ్లీ మాట్లాడింది. పోయే ముందు వారం నాకు ఫోన్ చేసి, "నీ పరీక్ష దగ్గరకొచ్చె గద, నేను తయారుగున్న. ఆనికి గూడ ఒకసారి చెప్పు" అంది. ఆమెతో నేను మాట్లాడిన ఆఖరు మాటలు అవి.

ఆమెను మట్టిలో పెట్టిన వారానికే నా రెండో పరీక్ష తేదీ వచ్చింది. వాయిదా వేద్దామనుకున్నాను. బస్సెక్కినంక భయపడమన్న మాట గుర్తొచ్చి ఇల్లందు పోయాను. వదిన గ్లాసు కడిగి బల్ల మీద పెట్టింది. "తోడు నేనుండేదాన్నే, నాకు షుగర్ గోలీలు ఏసుకోవాలె" అని కళ్లు తుడుచుకుంది. అత్త కుర్చీ ఎదురుగా ఖాళీగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. నిజం చెప్తున్నాను, మందు కలుపుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

అప్పుడు బయట ఆటో ఆగింది. తమ్ముడు లోపలికి వచ్చి అత్త కుర్చీలో కూచున్నాడు. వాడికి నీళ్లు పోయబోయాను.

"నీళ్లు నాకొద్దన్నా" అని జేబులోంచి మందు పొట్లం తీశాడు. "నాకు గూడ గదే కలుపు. అత్తను మట్టి జేసి వచ్చినంక దవాఖానాకు ఫోన్ చేసిన. రేపు నాకు గూడ చూస్తమన్నరు."

"పొద్దున ఏం తిన్నవురా?"

"జావ గూడ తాగలే."

నేను గ్లాసు నింపి వెలుగుకు ఎత్తి పట్టాను. అవతల వాడి ముఖం కొంచెం వంకరగా, మా నాన్న ముక్కుతో కనపడింది. తాగొచ్చు అన్నాను.

మర్నాడు నాలో ఏమీ లేదన్నారు. తమ్ముడికి ఒక కండ దొరికింది, తీసేశారు. రిపోర్టు నిన్న వచ్చింది. కేన్సర్ లేదు, వేళకు వచ్చాడు, మళ్లీ మళ్లీ చూపించుకుంటూ ఉంటే చాలన్నారు.

ఆ రోజు ఖమ్మానికి మాకు తోడుగా వదిన వచ్చింది. పరీక్ష అయ్యాక అదే సిమెంటు బెంచీ మీద ఫ్లాస్కు మూత తీసి గ్లాసులో జావ పోసింది. తమ్ముడు ఇంకా మత్తు వదలని చేతులతో దాన్ని కళ్ల ఎదురుగా ఎత్తాడు. "అన్నా, ఏం కనబడ్తలేదు" అన్నాడు.

"కనబడకున్న ఏం గాదు. తాగు" అన్నాను.

వాడు మెల్లగా తాగుతున్నాడు. జావ కిందికి దిగుతున్నకొద్దీ గ్లాసు అంచు తేటపడుతోంది. నేను ఇవతల కూచుని అందులోంచి చూస్తూ ఉండిపోయాను.