తడి సిరా

దశరథ్ ఎయిర్‌ఫోర్స్‌లో సార్జెంటు, ఢిల్లీ పాలంలో స్టోర్స్ డ్యూటీ. బొబ్బిలిలో వాళ్ళ నాన్న శుభలేఖలు అచ్చేసేవాడు. అక్షరాలు పేర్చడం అక్కడ నేర్చుకున్నాడు. నేను కాలేజీ మధ్యలో వదిలేసి చెక్కమీద బొమ్మలు చెక్కుతున్నవాణ్ణి. తొంభై నాలుగులో ఇద్దరం మయూర్ విహార్‌లో కింది ఫ్లాటు తీసుకుని, ముందుగదిలో చేతి ప్రెస్సు పెట్టాం. పాత ఇనుప సామాన్లవాడి దగ్గర దొరికింది, విక్టోరియా రాణి కాలంది. మాలాంటి మగవాళ్ళని జైల్లో వేసే చట్టం కూడా ఆవిడ కాలందే. అప్పటికి రెండూ ఇంకా పనిచేస్తున్నాయి.

ఆదివారాలు పుస్తకం చేసుకునేవాళ్ళం. అతని పద్యాలు, నా బొమ్మలు, సాంగానేరులో చేత్తో చేసిన కాగితం. చివరి బొమ్మలో మేడమీద నులకమంచం, దానిమీద ఇద్దరు మగవాళ్ళు, ఒకరి చెయ్యి ఒకరిమీద. ముఖాలు మావే. అన్ని రంగులకీ ఒకటే చెక్క. పసుపు అచ్చయ్యాక దాన్నే ఇంకా చెక్కి ఎరుపు, మళ్ళీ చెక్కి నలుపు. కాగితాలు పాడైతే మళ్ళీ అచ్చెయ్యడానికి చెక్క మొదట్లో ఉన్నట్టు ఉండదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నలుపు అచ్చేసి కాగితాలు తాళ్ళమీద ఆరేశాం. తలుపు చప్పుడైంది.

"ఏమోయ్ దశరథ్! ఇంట్లోనే ఉన్నావా?"

వారెంట్ ఆఫీసర్ వీరరాఘవులు, దశరథ్ పై అధికారి. ఈ బొమ్మ ఆయన కంట పడితే ఉద్యోగం పోవడంతో ఆగదు.

"తీసెయ్," అన్నాడు దశరథ్ గుసగుసగా.

"తడిగా ఉన్నాయి. దొంతి పెడితే అంటుకుపోతాయి. అన్నీ పోతాయి."

"తెలుసు. తీసెయ్."

తీశాను. దొంతి పెట్టి, దుప్పటి కప్పి, దానిమీదే కూర్చున్నాను. లేస్తే కనబడుతుంది. కూర్చుంటే నలుగుతుంది.

వీరరాఘవులు వచ్చి ప్రెస్సుని ఎద్దుని తట్టినట్టు తట్టాడు. "శుభలేఖలు వేస్తావంటగా! మా అమ్మాయి పెళ్ళి ఇక్కడే చేస్తున్నాం. ఢిల్లీలో తెలుగు కార్డులు ఎవడేస్తాడు?" నావైపు తిరిగాడు. "ఈ కుర్రాడెవరు?"

"రూమ్మేట్ సార్."

"అచ్ఛా." లోపలి గదిలోకి తొంగి చూశాడు. "ఒకటే మంచం ఉందేంటోయ్?"

"నేను కింద పడుకుంటా సార్," అన్నాను.

"బాగుంది! పెళ్ళాలొస్తేగానీ మీకు సామాను కుదరదు." నవ్వాడు. టీ అడిగాడు. చల్లారబెట్టుకుని మరీ తాగాడు.

ఆయన వెళ్ళాక ఒక్కో కాగితం ఊడదీశాం. ముఖాలు పక్క కాగితం వీపుకి అంటుకుని లేచిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు.

"ఇంకో చెక్క తెస్తాను," అన్నాడు దశరథ్.

"ఈసారి ముఖాలు వద్దులే."

"ముఖాలుంటాయి."

అంటూనే లేచి వెళ్ళి తలుపు గడియ వేసొచ్చాడు. కార్డు ప్రూఫు చూడ్డానికి వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానని ఇందాక వెళ్తూ చెప్పాడు వీరరాఘవులు.