షెడ్డు ముందు మార్చని బూట్లు

మా ఊళ్లో ముప్పై ఏళ్లు బ్రాయిలర్ కోళ్లు పెంచినవాణ్ణి. పోయిన చలికాలం అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, అల్లుడి స్నేహితుడు రవి తన కోళ్ల ఫారం చూపించడానికి తీసుకెళ్లాడు.

“అంకుల్, ఈ బూట్లు వేసుకుని లోపలికి రండి. బయట వైరస్ రిస్క్ ఎక్కువగా ఉంది,” అని, ఫోన్ వస్తే పక్కకు వెళ్లాడు.

నాకు తెలియని కోళ్లా అనుకున్నాను. రోజూ చెరువు గట్టున బాతుల రెట్టల మధ్య వాకింగ్ చేసే బూట్లతోనే షెడ్డంతా తిరిగాను.

వారం తిరక్కుండానే కోళ్లు కుప్పలుగా చచ్చాయి. బర్డ్ ఫ్లూ అని తేలాక, అధికారులు వచ్చి మిగిలినవాటిని ఊపిరాడకుండా నురగ కప్పి చంపేశారు.

“ఎలా వచ్చిందని అడుగుతున్నారు అంకుల్. ఆ రోజు మీరు బూట్లు మార్చుకున్నారు కదా?” ఫోన్‌లో అడిగాడు రవి.

“మార్చుకున్నా బాబూ.”

ఆ రోగం నా బూట్లతోనే వెళ్లిందో లేదో నాకు తెలియదు. తేల్చడానికి పనికొచ్చే ఆ ఒక్క మాటా నేనే దాచేశాను.