పడుకొని లేస్తే సోమవారం

పోయిన ఆదివారం సాయంత్రం మా ఎదురింటి కంట్రోలర్ సార్ చనిపోయారు. నేను పనిచేసే ధర్మవరం పట్టుచీరల కొట్టులో ముహూర్తాల రద్దీ. బిల్లు కొడుతుండగా ఫోన్ మోగింది. సార్ భార్య. ఏడవలేదు. "పాపా, మీ సార్ పోయినాడు. రేపు ఆస్పత్రిలో ఆయన టర్ను ఖాళీ. ఆ రొద్దం పిల్లకు చెప్పల్ల కదా, తొందరగా రా" అన్నారు. ముందు ఆ మాటేంటని నాకు కోపం వచ్చింది. రైలెక్కి కూర్చున్నాక ఏడుపొచ్చింది.

టర్ను అంటే డయాలసిస్ టర్ను. పెనుకొండలో మేం కొన్ని కుటుంబాలవాళ్లం కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నాం. సోమ, బుధ, శుక్రవారాల్లో అది మావాళ్లను హిందూపురం ఆస్పత్రికి తీసుకుపోతుంది. అందులో మా అమ్మ ఉంది, సార్ ఉండేవారు. బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి. బస్సులు వదిలినా టైములు ఆయన్ను వదల్లేదు. వ్యాను మొదలైన వారంలోనే పాత లాప్‌టాప్ ముందేసుకుని, ఎవరు ఏ రోజు పోవాలో ఎక్సెల్‌లో షీటు తయారుచేశారు.

చూపు మందగించాక ఆ పని నాకు అప్పగించారు. నేను తేదీలన్నీ ఒక్కొక్కటిగా కొడుతుంటే పక్కన కూర్చుని కాసేపు ఓర్చుకున్నారు.

"ఇట్ల కొడితే నెల మారేకాడ తప్పు పడతాది. మనం తేదీ అనుకునేది దానికి ఒట్టి అంకె పాపా. ఒకటి కలిపితే రేపు, ఒకటి తీస్తే నిన్న. అంతే."

వీక్‌డే అనే ఫార్ములా రాయించి, వారం సోమవారంతో మొదలయ్యేలా దాని చివర రెండు పెట్టించారు. అలా పెడితే శుక్రవారం ఐదో రోజు. ఐదైతే మూడు రోజులు కలుపు, కాకపోతే రెండు కలుపు అని దానికి ఇఫ్ తగిలించాం. కిందికి లాగితే ఏడాది పొడవునా సోమ, బుధ, శుక్రవారాలు బిలబిలమంటూ వచ్చేశాయి. నేను మురిసిపోతుంటే ఆయన తెర మీద ఆ మూడును వేలితో చూపించారు.

"నాకు ఈ మూడంటేనే బయ్యం. శుక్రవారం పోయొస్తే మళ్ల సోమవారం దాకా గుక్కెడు నీళ్లకు కూడా లెక్కే. దీన్ని రెండు చేసే ఫార్ములా యాడన్నా ఉంటే నేర్చుకో" అన్నారు. నవ్వుతూనే అన్నారు. చివరికి ఆ మూడు రోజుల మధ్యలోనే పోయారు.

ఒకసారి ఆస్పత్రివాళ్లు మావాళ్లను పొద్దుటి మొదటి బ్యాచ్‌కు మార్చారు. వ్యాను తెల్లవారుజామున మూడున్నరకే బయల్దేరాలి. షీటులో బుధవారం అని ఉంది, అమ్మకు చదివి వినిపించాను. ఆ వారం కొట్టులో పని ఎక్కువై నేను ధర్మవరంలోనే ఉండిపోయాను. వ్యాను వచ్చి హారన్ కొట్టినా అమ్మ తలుపు తీయలేదు. సార్ స్వయంగా దిగి తలుపు తట్టి లేపినా కదల్లేదు.

"బుధవారం అంటిరి కదా. ఇంకా మంగళవారమే కదన్నా, పొద్దు పొడిచిందా?"

ఆమె లెక్కలో బుధవారం మూడున్నర అంటే బుధవారం పగలంతా గడిచాక వచ్చేది. వాదించే లోపల టైమైపోయి వ్యాను వెళ్లిపోయింది. మరుసటి రోజుకు అమ్మకు ఆయాసం ఎక్కువై కూర్చోలేక, పడుకోలేక నానా అవస్థ పడింది. కాళ్లావేళ్లా పడితే గానీ ఆస్పత్రివాళ్లు టర్ను ఇవ్వలేదు. నేను అమ్మను తిట్టిపోస్తుంటే సార్ అడ్డుకున్నారు.

"మీ అమ్మను అనొద్దు. మన ఇండ్లల్లో పొద్దు పొడిస్తేనే దినం మారేది. మిషన్‌కు అర్ధరాత్రి మారుతాది. ఈ వయసులో ఆమె యాడ మారుతుంది, షీటునే మారుద్దాం."

అలా మా షీటులో 'పడుకునే వారం' అనే కొత్త వరుస వచ్చింది. తేదీలో ఒకటి తీసేసి, దాని వారం పేరు తెలుగులో వచ్చేలా ఏడు పేర్లూ మేమే కొట్టాం. అప్పటినుంచి ముందురోజు సాయంత్రమే సార్ అందరికీ ఫోన్ చేసేవారు. "మంగళవారం పడుకొని లేస్తే వ్యాను." తేదీ చెప్పేవారు కాదు. ఆ తర్వాత ఎవరూ తప్పిపోలేదు. మా అమ్మ ఇవాళ బతికి ఉందంటే అందులో ఆ వరుసకూ వాటా ఉందని నేను నమ్ముతాను.

రొద్దం నుంచి అదే ఆస్పత్రికి వచ్చే ఆ పిల్లకు డాక్టరు వారానికి మూడుసార్లు రాస్తే ఆమెకు దొరికినవి మంగళ, గురువారాలు రెండే. మూడోది ఇప్పించమని సార్ ఆస్పత్రిలో అడుగుతూనే ఉండేవారు. ఎవరిదైనా ఖాళీ అయితే ఆ మనిషి మూడు రోజులూ ఆమెకే ఇస్తామని వాళ్లు అన్నారు.

నేను ఇల్లు చేరేసరికి సార్‌ను నడవలో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. కాళ్లకు మొక్కి లేవగానే ఆయన భార్య లాప్‌టాప్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"పెద్దమ్మా, రేపు చేస్తాలే. ఆయన ఇంకా ఇంట్లోనే ఉండారు."

"ఆ పిల్లకు గురువారం నుంచి లేదు. ముందు అది చూడు."

గుమ్మం దగ్గర కూర్చుని సార్ పేరు తీసేశాను. తేదీలు ఉన్నచోటే ఉన్నాయి, పేరుతో వాటికి పనిలేదు. ఆ పిల్లకు ఫోన్ చేసి, ఆదివారం పడుకొని లేస్తే వ్యాను అని చెప్పాను.

"ఎవురి టర్ను అక్కా?" అంది.

చెప్పాను. ఫోను మొగుడికిచ్చింది; టైము ఆయనే అడిగి తెలుసుకున్నాడు.

తెల్లవారుజామున మొగుడి మోటార్‌సైకిల్ మీద వచ్చింది. వ్యానులో కిటికీ పక్క సీటొక్కటే ఖాళీ. అది చూసి లోపలికి పోకుండా తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మా అమ్మ రమ్మని పిలిచినా కదల్లేదు. అప్పుడు సార్ భార్య ఇంట్లోనుంచి వచ్చారు.

"ఆడ కూర్చో తల్లీ. వచ్చేటప్పుడు కండ్లు తిరుగుతాయి, గాలి తగుల్తాది. మీ సార్ ఈ పొద్దు రాడు."

ఆ పిల్ల కూర్చుంది. సార్ ఎప్పుడూ తల ఆనించి నిద్రపోయే చోట అద్దం మీద నూనె మరక ఉంది. అది చెరిగిపోకుండా కాస్త పక్కకు జరిగి, అద్దానికి తల ఆనించుకుంది. వ్యాను కదిలింది.