వేలాడే కొస

ఆ గదిలో ఉన్నవి: కంప్యూటర్లు నాలుగు, ప్రింటరు ఒకటి, వాటి తీగలన్నీ వచ్చి కలిసే ఎనిమిది రంధ్రాల స్విచ్ పెట్టె ఒకటి, చీర అంచుల డిజైన్లను అట్టల మీద రంధ్రాలుగా కొట్టే యంత్రం ఒకటి, దసరా నాడు వేసి ఇంకా తీయని బంతిపూల దండలు ఆరు. ఉన్నవాళ్ళు: మరమగ్గాల సంఘం మేనేజరు, డిజైన్లు గీసే అక్క, నేను.

కరీంనగర్ నుంచి అక్కడికి బస్సులో గంటన్నర. ఆ వారం నేను ఎక్కిన బస్సుల్లో అది తొమ్మిదోది. నాలుగు నెలల కింద ఆ కంప్యూటర్లను కలిపింది నేనే. పెట్టి వచ్చిన చోటికే మళ్ళీ వెళ్ళవలసి వస్తే మా ఆఫీసులో దాన్ని తిరుగు పని అంటారు. తప్పు మాదని తేలితే మా పేరున ఒకటి పడుతుంది. నెలలో మూడు పడితే భైంసా లైనుకు మారుస్తారు. అక్కడి మొదటి పనికి చేరాలంటే నాలుగింటికి లేవాలి. ఆ నెల నాకు అప్పటికే రెండు ఉన్నాయి.

"ఏంది తమ్మీ, పక్కపక్కకే కూసున్నయి, ఒకదాని మొఖం ఒకటి సూస్తలేవు. భూమి పంచుకున్న అన్నదమ్ముల లెక్క ఉన్నయి" అన్నాడు మేనేజరు.

"మొఖాలు కడిగి బొట్టు పెట్టింది నేనే సారు. అయినా సూసుకుంటలేవు" అంది అక్క.

మేనేజరు నవ్వలేదు. "డిజైన్ ఈమె కాడ ఉన్నది, అట్టలు కొట్టే మిషిన్ ఆ కంప్యూటర్ కాడ ఉన్నది. ఇది అటు పోతలేదు. పెన్‌డ్రైవ్ పెడితే పోయినేడు వైరస్ వచ్చి పదకొండు డిజైన్లు కరాబైనయి, అందుకే పెన్‌డ్రైవ్ బంద్ పెట్టిన. ఇయ్యాల పొద్దుగూకే దాక సూస్త. కాకుంటే డిజైన్ పని కరీంనగర్ దుకాణానికి ఇస్త. ఈమె మళ్ల నూలు కండెలు సుట్టే కాడికి పోతది." ఆ మాట ఆమె ముందే అని, ఫోను మోగితే వరండాలోకి వెళ్ళాడు.

నాకు పనికి ఒక వరుస ఉంది. ముందు సెట్టింగులు, తర్వాత పేర్లు, చివర తీగలు. రెండు కంప్యూటర్లలో నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంది. అలా ఉంటే కంప్యూటరు బస్టాండులో కూర్చున్న మనిషిలా ఉంటుంది. పక్కవాడు అడిగినా పేరు చెప్పదు. రెండింటినీ ప్రైవేటుకు మార్చాను. ఒకదాన్నొకటి వెతికే సౌకర్యం నాలుగింటిలోనూ ఆన్ చేశాను. తిరిగి స్టార్ట్ చేశాను. ప్రతి కంప్యూటరుకూ తాను మాత్రమే కనిపించింది. పేర్లు చూశాను, నెంబర్లు చూశాను, సరిగానే ఉన్నాయి. ఒకటిన్నర అయింది. అక్క తన సద్దిలోంచి ఒక జొన్నరొట్టె, పచ్చడి నా ముందు పెట్టింది.

"కండెల కాడ ఎన్నేండ్లు చేసినవ్ అక్కా?" అని అడిగాను.

"పద్నాలుగు. గీ కుడి భుజం గందుకే మీదికి లేస్తలేదు. మౌసు పట్టుడు అయితది, కండె సుట్టుడు కాదు." ఫిర్యాదులా చెప్పలేదు. యంత్రంలో అరిగిన భాగం గురించి చెప్పినట్టు చెప్పింది.

తిన్నాక బల్ల కిందికి దూరాను. స్విచ్ పెట్టెకు పసుపు, మధ్యలో కుంకుమ. లైట్లన్నీ ఒక్కసారిగా, ఆగకుండా, పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. అది ముందే చూడవలసింది. తీగలు లెక్కపెట్టాను. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కలిపి ఐదు. ఐదో కంప్యూటరు వస్తుందంటే దానికోసం నేను ఒక తీగ అదనంగా వదిలాను, ఒక కొస పెట్టెలో, ఒక కొస బయట. అంటే నిండిన రంధ్రాలు ఆరు ఉండాలి. ఏడు ఉన్నాయి.

ఆ అదనపు తీగ రెండు కొసలూ అదే పెట్టెలో ఉన్నాయి. ఒక కంప్యూటరు వేసిన పిలుపు దాని గుండా బయలుదేరి అక్కడికే వచ్చి మళ్ళీ బయలుదేరుతోంది. ఆ రద్దీలో ఇంక దేని మాటా దేనికీ చేరదు.

"ఈ కొస ఎవలు పెట్టిన్రు అక్కా?"

ఆమె వంగి చూసింది. "నేనే. దసరా నాడు పెట్టె తుడుస్తుంటే ఉత్తగ ఏలాడుతుండె. పక్కకే సందు ఖాళీగుండె. మగ్గం మీద తెగిన పోగు కనబడితే ముడెయ్యకుంట ఎట్ల పోతం తమ్మీ? అందునా పండుగనాడు." మళ్ళీ వంగి చూసి, "దాంతోనేనా?" అంది.

"దాంతోనే."

ఆమె వరండా వైపు చూసింది.

తీగ పీకాను. లైట్లు నెమ్మదించి, ఒక్కోటి తన వంతు వచ్చినప్పుడే వెలగడం మొదలుపెట్టాయి. నిమిషంలో నాలుగు పేర్లూ నాలుగు తెరల మీదా కనిపించాయి. అక్క కోట కొమ్ముల అంచు డిజైనును పంపింది. యంత్రం మొదటి అట్ట కొట్టింది.

ఆ చప్పుడుకు మేనేజరు లోపలికి వచ్చాడు. "అయిందా? ఎవలు చేసిన్రు గీ ఆగం?"

మా పని కాగితంలో చివరి గడి కారణం. అది ఒక్క వాక్యానికి సరిపోతుంది. కొస పెట్టింది ఆమె, అది నిజం. కొస వదిలింది నేను, దానికి చీటీ కట్టలేదు, చెప్పి పోలేదు, అదీ నిజం. బల్ల మీద కాగితం పెట్టి పెన్ను తీశాను. భైంసా బస్సు సీట్లు గుర్తొచ్చాయి. అప్పటికి నాకు లేచి ఎక్కడికైనా పోవాలని తప్ప ఇంకేం అనిపించలేదు. 'అమర్చినప్పుడు అదనపు తీగను తీయకుండా వదిలినందువల్ల' అని రాశాను.

మేనేజరు చదివాడు. "అంటే తప్పు నీదేనా?"

"నాదే సార్. ఏలాడదీసి పోయిన."

"సదువుకున్నోళ్ళతోని గిదే పరేషాన్. ఉత్తగ ఆమెను అంటి" అని సంతకం పెట్టి, అక్క వైపు చూడకుండా అన్నాడు: "రేపటికి ఇంకో రెండు అంచులు గీయి."

"గీస్త సారు" అంది ఆమె. నేను తీగను చుట్టి సంచిలో వేసుకుంటుంటే మిగిలిన రొట్టెను కాగితంలో చుట్టి ఆ సంచిలోనే పెట్టింది.

బస్సులో నిలబడే వచ్చాను. నెలాఖరున గోడకు అంటించిన తిరుగు పనుల పట్టీలో నా పేరుకు ఎదురుగా మూడు.