మినిట్స్ పుస్తకంలో తదితరులు

నాకు కోపం ఎక్కువని అమెరికాలో మా ఊరు పిస్కాటవేలో తెలుగువాళ్లందరికీ తెలుసు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, మిగతా చదువు సొంతంగా చదువుకున్నవాణ్ణి. ఎవరైనా డిగ్రీ చూపిస్తే ఒళ్లు మండేది. ఎనభైల మొదట్లో ఒక మందుల కంపెనీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేశాను. వందేళ్ల కిందటి రసాయన శాస్త్రజ్ఞుల సంఘం ఒకటి తన సమావేశాల్లో జరిగింది రాసిపెట్టుకున్న మినిట్స్ పుస్తకం అక్కడ పారేయబోతున్న అట్టపెట్టెలో దొరికింది. అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

అంతా ఇంగ్లీషు గొలుసుకట్టు రాత. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆవిడ అదే కంపెనీలో కెమిస్టు. జంషెడ్‌పూర్‌లో పెరిగింది, తెలుగు మాట్లాడడమే తప్ప అక్షరం రాదు. ఆరు నెలలు ప్రతి ఆదివారం మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మా ఆవిడ కాఫీలు అందిస్తుంటే, ఆ రాత చదివి, ప్రయోగాలు విడమరిచి చెప్పింది. నెలకోసారి పెద్దమనుషులు చేరేవారట. పాలలో కల్తీ పట్టడం గురించి ఒకరు ప్రసంగిస్తే, కిరసనాయిలు ఏ వేడికి అంటుకుంటుందో ఇంకొకరు చేసి చూపించేవారు. తర్వాత విందు. హాజరైన ప్రొఫెసర్ల పేర్లు వరసగా రాసి, మన పేపర్లలో సభల వార్తలకు మల్లే చివర ‘తదితరులు’ అని ముగింపు. ఒకచోట, గాజుపాత్ర పగిలి సహాయకుడి చెయ్యి కాలిందనీ, సమావేశం కొనసాగిందనీ ఉంది.

“వాడి పేరేదమ్మా?” అని అరిచాను.

“లేదండీ అన్నయ్యగారూ. నా మీద అరుస్తారేం, నేను రాశానా?” అని నవ్వింది.

ఆ కోపంతోనే తెలుగు సంఘం సంచికకు వ్యాసం రాశాను. గాజుసామాను కడిగినవాడికి పేరు లేదా అని ఆ పెద్దమనుషులను కడిగిపారేశాను. ఆవిడ పేరు మాత్రం వేయలేదు. మరిచిపోయి కాదు. ఎమ్మెస్సీ ఆవిడ చదివి చెప్తే రాశాడంటారని, రాసిన వాక్యాన్నే కొట్టేశాను.

సంచిక రాగానే పరుగున వచ్చింది. “చూపించండి, చూపించండి, నా పేరెక్కడ?”

నా వేలు పేజీ మీద ఎక్కడో ఆగింది. “ఇదిగో,” అన్నాను. ఆ మాట ‘తదితరులు’.

దాని కింద నీలం పెన్నుతో గీత గీసుకుంది. మర్నాడు మళ్లీ వచ్చింది. “మీరు చెప్పనే లేదు! మూడు చోట్ల రాశారు నన్ను! లెటర్స్ కంపేర్ చేసి పట్టేశా.”

అప్పుడైనా చెప్పాల్సింది. “కాఫీ తాగుతావా అమ్మా?” అన్నాను.

నాలుగేళ్లకు ఎవరో శనివారాలు పిల్లలకు తెలుగు క్లాసులు పెడితే, కొడుకు పక్కన కూర్చుని తనూ నేర్చుకుంది. ఒక ఆదివారం మా తలుపు చప్పుడైంది.

“ఎవరూ?”

“తదితరులండీ.”

తలుపు తీశాను. నవ్వుతూనే ఉంది. సంచిక నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ మూడు నీలం గీతలూ ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఇది రాసే ముందు ఫోన్ చేసి, ఈసారి పేరు వేస్తానమ్మా అన్నాను.

“వద్దులెండి అన్నయ్యగారూ,” అంది. “ఇప్పుడు ఎవరి కోసం?”